రెండంగుళాల దర్జా

చోడవరంలో బంగార్రాజు కాలిని సర్వేయర్లు కూడా ‘గారు’ అని పిలిచేవారని చెప్పుకుంటారు. కొంచెం పెంచి చెప్పిన మాటే గాని పూర్తిగా అబద్ధం కాదు. సైట్ల వ్యాపారంలోకి రాకముందు అతను ఇరవై రెండేళ్ళు చెరకు నరికే జట్టుకు మేస్త్రీ. మంచు ఇంకా తోట మీద నుంచి లేవకముందే గట్టు మీదకి చేరి, జట్టులో ఒక్కో జంటకు ఇంత మేర అని అంగలేసి పంచేవాడు. ఎవరి భాగంలో జానెడు ఎక్కువ పడినా మధ్యాహ్నానికి గొడవే. పైగా గొడవ పడేవాళ్ళ చేతుల్లో కత్తులుండేవి. అలా భయంతో మొదలైన నిజాయితీ చివరికి కాలికి అలవాటైపోయింది. బంగార్రాజు ఒక అంగ వేశాడంటే మూడడుగులు. అంగుళం ఇటూ లేదు, అటూ లేదు.

ఒకసారి బుచ్చయ్యపేట దగ్గర అన్నదమ్ముల పంపకంలో, టేపు పట్టుకొచ్చిన సర్వేయరు వేళాకోళానికి పందెం కాశాడు. నూరు అంగలు వేయమన్నాడు. బంగార్రాజు లుంగీ ఎగగట్టి, చెప్పులు విడిచి, కళ్ళు సగం మూసుకుని నడిచాడు. నూరో అంగ దగ్గర అతని బొటనవేలూ, మూడువందల అడుగుల దగ్గర టేపు కొసా ఒకే మట్టిబెడ్డ మీద కలుసుకున్నాయి. సర్వేయరు టేపు చుట్టేసి టీ ఇప్పించాడు. ఆ టీ చల్లారేలోపు కబురు చోడవరం బస్టాండుకు చేరింది.

అక్కడి నుంచి జనం అతన్ని తగువులకు పిలిచారు, పంపకాలకు పిలిచారు, చివరికి కొనుగోళ్ళకు పిలిచారు. ‘బంగార్రాజు నడిచిన సైటు’ అంటే కాయితం తిరగేయకుండా బయానా ఇచ్చే రోజులొచ్చాయి. పదేళ్ళలో పదకొండు వెంచర్లు వేశాడు. ప్రతిదానికీ రోడ్డు మీద ఒక సిమెంటు ఆర్చి, ఆర్చికి అటొక ఏనుగు, ఇటొక ఏనుగు. తెల్ల కారు వచ్చింది. చెరకు కణుపంత ఉంగరం వచ్చింది. రెండో ఫోను వచ్చింది, మొదటి ఫోనులో మాట్లాడుతున్నప్పుడు మోగడానికి. ఆదివారం పొద్దున్నే విశాఖపట్నం నుంచి బస్సులో కుటుంబాలకు కుటుంబాలు దిగేవి. దిగినవాళ్ళకు దిగినట్టే పులిహోర పొట్లం, మాడుగుల హల్వా డబ్బా, చేతిలో ఒక రంగుల బ్రోచరు. బ్రోచరులో నీళ్ళు చిమ్మే ఫౌంటెన్ ఉండేది, దాని పక్కన తెల్లకుక్కతో పరుగెత్తే ఒకావిడ ఉండేది. ఆ కుక్కను చోడవరంలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

అయితే ఒక్క సంగతి ఒప్పుకోవాలి. ఆ బొమ్మలు జనాన్ని మాయ చేయడానికి వేయించినవి కావు. బంగార్రాజుకు అవి నిజంగానే కనబడేవి. సాయంత్రం వేళ, నరికిన చెరకు మోళ్ళ మధ్య ఒక్కడే తిరుగుతుంటే, పొలం మీద నుంచి పల్చగా పొగలాంటిదేదో లేచి గోడలుగా నిలబడేది. వరండాలు, వరండాల్లో కుర్చీలు, ఒక కిటికీలోంచి కుక్కరు కూత. ఏ ఇంట్లో చారు మరుగుతోందో, ఏ ఇంట్లో పిల్ల ఎక్కాలు చదువుతోందో కూడా తెలిసేది. చీడికాడ కొండల వైపు పొద్దు వాలేకొద్దీ ఆ ఊరికి రంగు ఎక్కేది. ఒకరోజు అతను మోళ్ళ మధ్య ఆగి ఎవరికో నమస్కారం పెడుతుంటే భార్య అచ్చియ్యమ్మ చూసింది.

“ఏటి, ఎవలికి దండం ఎడతన్నావు?”

“ఆ మూలింటి మేష్టారు పలకరించేడే.”

“మూలింటి మేష్టారేటి. ఆ మూల తుమ్మకంప ఉన్నాది.”

“ఇప్పుడుంది,” అన్నాడు బంగార్రాజు. అచ్చియ్యమ్మ ఆ రాత్రి అతని తలకు ఆముదం పెట్టింది.

పన్నెండో వెంచరు పేరు స్వప్నపురి. దేవరాపల్లి రోడ్డు మీద మొదలై, వెనక వాగు దాకా జడలా సాగిన పొలం అది. ఆ వాగును అక్కడ గెడ్డ అంటారు. ఒకే వరసలో పదహారు సైట్లు, ఒక్కోటి ముప్పై అడుగుల వెడల్పు. వరసకు ముందు ఇరవై అడుగుల మట్టిరోడ్డు. ఆ మట్టిరోడ్డుకు రెండో పక్క పొలానికి కూడా అడ్వాన్సులు ఇచ్చేశాడు. మొదటి సైటు రిటైరైన బస్సు కండక్టరు రామ్మూర్తి తీసుకున్నాడు, రోడ్డు పక్కనైతే బస్సులు కనబడతాయని. నాలుగోది బళ్ళో లెక్కలు చెప్పే రూపాదేవి టీచరుది. చిట్టచివర పదహారోది మాత్రం అసిరమ్మ అడిగి మరీ తీసుకుంది.

అసిరమ్మది చీడికాడ పక్క పల్లె. మొగుడు పోయాక విశాఖపట్నం వచ్చి ఒక హాస్టల్లో పద్దెనిమిదేళ్ళుగా వంట చేస్తోంది. ఆ పద్దెనిమిదేళ్ళలో తొమ్మిది అద్దె గదులు మారింది. ఒకచోట నీళ్ళు రావని, ఒకచోట ఇంటివాళ్ళబ్బాయికి పెళ్ళని, ఒకచోట ఏ కారణమూ చెప్పకుండానే. కూడబెట్టుకున్నదంతా, చెవి కమ్మలతో సహా, ఆ పదహారో నంబరు మీద పెట్టింది.

“అందరూ రోడ్డు పక్కది అడుగుతారు, నువ్వేటమ్మా గెడ్డ కాడది అడుగుతన్నావు?” అన్నాడు బంగార్రాజు.

“నాను పుట్టిన ఇంటెనకాల గెడ్డ పారీది బాబూ. ఆ సప్పుడు ఇంటే గాని నాకు నిద్దరట్టదు. ఈ పద్దినిమిదేళ్ళూ సరింగ పడుకోనేదు.”

ఆ మాట బంగార్రాజుకు బాగా నచ్చింది. వెంటనే అతనికి ఆ ఇల్లు కనబడింది కూడా. వెనక కిటికీ, కిటికీ కింద మంచం, మంచం మీద ఈ మనిషి.

సైట్లు కొలిచే రోజు వైశాఖంలో పడింది. ఆ రోజుకు రెండు కొత్త వస్తువులు వచ్చాయి. ఒకటి బంగార్రాజు బూట్లు, కింద మడమ ఎత్తున్నవి. రెండోది డ్రోను. వీడియో తీసే అతను చేతిలో డబ్బా పట్టుకుని, “సార్, మామూలుగా నడిస్తే పైనుంచి చీమలా ఉంటారు. కాస్త ఠీవిగా, హీరో ఎంట్రీ లాగ రండి,” అన్నాడు.

అచ్చియ్యమ్మ ఆర్చి నీడలోంచి లేచి వచ్చింది. “ఆ బూట్లిప్పేసి నడు. ఎప్పుడైనా సెప్పుల్తో కొలిసేవేటి?”

“డ్రోను తీస్తందే.”

“డ్రోనుకి నీ కాళ్ళతో ఏటి పని?”

బంగార్రాజు వినలేదు. ఆకాశంలో తుమ్మెదలా ఝుమ్మని తిరుగుతున్న ఆ యంత్రం కింద ఛాతీ విరిచి నడిచాడు. మోకాలు కాస్త ఎత్తి, కాలు కాస్త చాచి, అంగ అంగకూ ఒక్క క్షణం ఆగి. పది అంగలకో తెల్లరాయి పాతుతూ కూలీలు వెనక వచ్చారు. ఎండ మండుతోంది. గెడ్డలో చుక్క నీరు లేదు. ఒడ్డు ఎక్కడ అయిపోయిందో, ఇసక ఎక్కడ మొదలైందో తెలియనంత తెల్లగా ఉంది నేలంతా. పదహారో సైటు రాళ్ళు పాతి, మీద నల్లరంగుతో అంకె వేసి, అందరూ చప్పట్లు కొట్టారు. తను వేసిన నూట అరవై అంగల్లో ప్రతి ఒక్కటీ రెండంగుళాల పైచిలుకు పొడుగు పడిందని బంగార్రాజు కాలు ఆ రోజు అతనికి చెప్పలేదు. బూటులో ఉండబట్టి దానికీ తెలియలేదేమో.

శ్రావణంలో అసిరమ్మ శంకుస్థాపనకు వచ్చింది. ఆటోలో చెల్లెలు, పంతులుగారు, పసుపు రాసిన ఇటుకలు, నవధాన్యాలు. బంగార్రాజూ, పలుగుతో తాపీమేస్త్రీ ముందే వచ్చారు. అందరూ రాళ్ళ అంకెలు చదువుకుంటూ నడిచారు. పదమూడు, పద్నాలుగు, పదిహేను. పదిహేనో సైటు రెండో హద్దురాయి సరిగ్గా గట్టు అంచున ఉంది. ఆపైన గెడ్డ పారుతోంది, ఎర్రగా, నిండుగా, తొందర లేకుండా. నీళ్ళ నడుమ తెల్లరాయి ఒకటి తల బయటపెట్టి ఉంది. దాని మీద 16 అన్న అంకె చక్కగా కనబడుతోంది. అంకె పైన ఒక కొంగ నిలబడి వీళ్ళవైపు చూసింది.

పంతులుగారు చేతి గడియారం చూసుకున్నారు. “ముహూర్తం తొమ్మిదీ నలభైకమ్మా. మనలో ఈత వచ్చినవాళ్ళెవరు?”

ఎవరూ నవ్వలేదు. అసిరమ్మ బంగార్రాజు వైపు తిరిగింది. కోపం లేదు ఆ ముఖంలో. చిన్నపిల్ల తప్పిపోయినప్పుడు అడిగినట్టు అడిగింది. “బాబూ, నా సైటేది?”

బంగార్రాజు నోటికి తోచిన మాట అనేశాడు. “గెడ్డ ఒడ్డు కోసేసిందమ్మా. వరదొచ్చింది కదా.”

పంతులుగారు ఇటుకలు ఆటోలో పెట్టించారు. ఆ రోజే బంగార్రాజు, జీవితంలో మొదటిసారి, ఇనప సామాన్ల కొట్టుకు వెళ్ళి టేపు కొన్నాడు. రెండో కొస పట్టుకోవడానికి రామ్మూర్తి వచ్చాడు. అప్పటికే తన సైటు చుట్టూ కాంపౌండు గోడ కట్టేసుకున్నాడాయన. మొదటి సైటు ముప్పై రెండు అడుగులు. రెండోది ముప్పై రెండు. మూడోదీ అంతే. రామ్మూర్తి ముఖం ముందు వెలిగింది, తర్వాత ఎవరైనా చూశారేమోనని ఆరింది. పదిహేను సైట్లలో ఒక్కోదానికీ రెండేసి అడుగులు ఎక్కువ. మొత్తం ముప్పై అడుగులు. అసిరమ్మ సైటు గెడ్డ తినలేదు. పదిహేను మంది తలా కాస్తా పంచుకున్నారు, వాళ్ళకే తెలియకుండా.

మర్నాటికల్లా ఊరంతా తెలిసింది. ఆ నెల చోడవరంలో టేపులు దొరకలేదంటే నమ్మాలి. అతని పాత పదకొండు వెంచర్లలోనూ జనం వంగి కొలుచుకున్నారు. అన్నీ అంగుళం తేడా లేకుండా సరిపోయాయి. కానీ సరిపోయినవాళ్ళు ఆ మాట ఎవరికి చెబుతారు? “ఆడి కాలు తప్పిందట” అన్న మాటకున్న రుచి, “నా సైటు సరిగ్గానే ఉంది” అన్నదానికి లేదు. బయానాలు ఇచ్చినవాళ్ళు వెనక్కి అడిగారు. రెండో పక్క పొలానికి తనిచ్చిన అడ్వాన్సులు గడువు దాటి మట్టిలో కలిశాయి. కారు వెళ్ళింది, ఉంగరం వెళ్ళింది. రెండో ఫోను ముందు మోగడం మానేసింది, ఆ తర్వాత మొదటిది కూడా దాన్ని చూసి నేర్చుకుంది. దీపావళికల్లా అచ్చియ్యమ్మ బస్టాండు పక్కన ఇడ్లీల బండి పెట్టింది. బంగార్రాజు చట్నీ వడ్డించేవాడు.

“ఒరే బంగార్రాజూ, సట్నీ కొలిసి ఎయ్యరా,” అనేవారు పాత నేస్తాలు. “నీ సెయ్యి కూడా రెండంగుళాలు జారుతాదేమో.”

అతను ఇంకో గరిటె ఎక్కువ వేసేవాడు. ఆ మాటలు భరించగలిగాడు. భరించలేనిది ఒక్కటే. ప్రతి శనివారం అసిరమ్మ హాస్టల్లో సాయంత్రం వంట ముగించుకుని బస్సెక్కి వచ్చేది. రెండు ఇడ్లీలు తిని, డబ్బులిచ్చి, అదే ప్రశ్న అడిగేది. “నా సైటేటైంది బాబూ?” డబ్బు కొంచెం కొంచెంగా ఇచ్చేస్తానంటే తల అడ్డంగా ఊపింది. “డబ్బులు నాకొద్దు. అవి మళ్ళా గది అద్దెకే ఎల్లిపోతాయి. నాకు నేల కావాల. ఈ గది కూడా ఉగాదికి కాళీ సెయ్యమన్నారు.”

తొమ్మిది గదులు మారాక అది పదోది. బంగార్రాజుకు ఆ రాత్రుల్లో స్వప్నపురి కనబడడం ఆగలేదు గాని, తీరు మారింది. పదిహేను ఇళ్ళూ నిండుగా ఉన్నాయి, కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఆ ముందు రోడ్డు మీద ఒక మనిషి పసుపు రాసిన ఇటుకలు ఒడిలో పెట్టుకుని గడప గడపకూ ఆగి చూస్తోంది.

ఉపాయం అతనికి తెలుసు. పదిహేను మందీ తలా రెండడుగులు వెనక్కిస్తే, రాళ్ళు వరసగా రోడ్డువైపు జరిపి, చివర అసిరమ్మకు చోటు చేయొచ్చు. బతిమాలడానికి బయల్దేరాడు. అయితే కాలు తప్పిందని ఊరంతా అంటున్నా, వెంట ఆ గెడ్డ కథను కూడా తీసుకెళ్ళాడు. వరద కోసేసింది, పాపం ఒంటరి మనిషి, మీరంతా కాస్త సర్దుకుంటే. ఏడుగురి దగ్గరికి వెళ్ళాడు. అసలు సంగతి తెలిసినా, ఏడుగురూ ఆ కథనే పట్టుకుని ఒకటే అన్నారు. “గెడ్డ ఆవిడది కోస్తే మేమేటి సేస్తాం? రేపు మాది కోస్తే ఎవలిస్తారు?” ఆ మాటలో తప్పేమీ లేదు. అందుకే అతనికి ఒళ్ళు మండింది.

ఎనిమిదోసారి రూపాదేవి టీచరు ఇంటికి వెళ్ళాడు. ఆవిడ కథంతా విని, పరీక్ష కాయితాలు దిద్దుతున్న ఎర్రపెన్ను మూతపెట్టింది.

“బంగార్రాజుగారూ, ఒక చిన్న లెక్క. గెడ్డ అటుపక్క కోస్తే, ఇటుపక్క నా సైటు రెండడుగులు ఎలా పెరిగింది?”

బంగార్రాజు గోడమీది క్యాలెండరు చూశాడు.

“మీ వీడియో నా దగ్గర ఉంది,” అంది ఆవిడ. “ప్రారంభం రోజున అందరికీ పంపించారు కదా.” ఫోను తీసి అతని ముందు పెట్టింది.

అందులో, ఆకాశం నుంచి, ఒక మనిషి కనబడ్డాడు. ఎండలో మెరిసే బూట్లు. కాలు ఎత్తడం, ఒక్క క్షణం గాల్లో ఉంచడం, చాచి వేయడం. వెనక గంభీరమైన సంగీతం. చూస్తూ చూస్తూ బంగార్రాజుకు చెవులు కాలిపోయాయి. చెరకు జట్టులో అరవై మంది ముందు కత్తుల మధ్య తప్పని కాలు, ఒక్క తుమ్మెద ముందు తప్పింది.

“గెడ్డ కాదమ్మా,” అన్నాడు చివరికి. “నానే. కెమేరా ఉందని కాలు సాపేను. అంగకి రెండంగుళాలు, దర్జాకి.”

రూపాదేవి కాసేపు పెదవి బిగబట్టింది. తర్వాత ఆపుకోలేకపోయింది. కళ్ళజోడు తీసి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, మళ్ళీ వీడియో మొదటికి తిప్పి, మళ్ళీ నవ్వింది. బంగార్రాజు తల వంచుకు కూచున్నాడు. నవ్వు సర్దుకున్నాక ఆవిడ, “కాయితం తెచ్చారా? ఎక్కడ సంతకం?” అంది.

అప్పుడు అతనికి దారి తెలిసింది. మళ్ళీ మొదటి మనిషి దగ్గర నుంచి మొదలుపెట్టాడు. ఇంటికి వెళ్ళడం, ఫోను తీయడం, “ముందు ఇది సూడండి బాబూ” అనడం. తన దర్జా తానే పదిమందికీ చూపించుకోవడం కష్టమనిపించింది మొదటి మూడిళ్ళ దాకానే. ఆ తర్వాత ఎక్కడ నవ్వుతారో అతనికే తెలిసిపోయి, అక్కడ కాస్త ఆగేవాడు. ఒకాయన కాఫీ ఇచ్చాడు. ఒకావిడ పక్కింటివాళ్ళను పిలిచి ఇంకోసారి వేయించింది. విశాఖపట్నంలో నాలుగో అంతస్తులో ఉండే భానుప్రకాష్‌ది పదిహేనో సైటు, అందరికన్నా ఎక్కువ జరగాల్సింది అతనే. “మా అమ్మ నిద్రపోతోంది, లేచాక ఆవిడకి కూడా చూపించండి, సంతకం పెడతాను,” అన్నాడు. బంగార్రాజు రెండు గంటలు సోఫా అంచున కూచున్నాడు. ఆ ముసలావిడ లేచి, చూసి, “బాగా నడిసేవు నాయినా,” అని మెచ్చుకుంది. వెక్కిరింపు కాదు. అదొక్కటే అతనికి గుచ్చుకుంది.

పద్నాలుగు సంతకాలు అయ్యాయి. రామ్మూర్తి మాత్రం గోడ చూపించాడు. “కట్టీసిన గోడ ఇప్పమంటే ఎలాగ? నన్ను ఒదిలీ.” వదిలేశాడు. ముప్పైకి బదులు ఇరవై ఎనిమిది.

మాఘమాసంలో ఒక ఆదివారం, కొత్త కాయితాల ప్రకారం రాళ్ళు జరిపారు. రూపాదేవి ఒక కొస, రామ్మూర్తి ఒక కొస టేపు పట్టుకున్నారు. గోడ ఇవ్వకపోయినా పనికి మాత్రం పిలవకుండానే వచ్చాడాయన. ఒక్కో రాయీ పీకి, జరిపి, పాతి, మట్టి కొట్టేసరికి పొద్దు నడినెత్తికెక్కింది. పదిహేనో రాయికీ గట్టుకూ మధ్య నేల కొద్దికొద్దిగా వెడల్పవుతుంటే అసిరమ్మ గట్టు మీద కూచుని చూసింది. ఆఖరి రాయి పడ్డాక లేచి, ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు నడిచింది.

“రెండడుగులు తగ్గిందమ్మా,” అన్నాడు బంగార్రాజు. “అది నా తప్పే.”

“ఇంట్లో మంచం పడితే సాలు బాబూ,” అంది అసిరమ్మ. “ఎటేపు ఎడదామో సూస్తానుండు.”

గెడ్డవైపు వెళ్ళి, కొంగు మడిచి తలకింద పెట్టుకుని, కొలత చూసుకునేదాన్లా నేల మీద వెల్లకిలా పడుకుంది. గెడ్డలో నీళ్ళు సన్నగా, రాళ్ళ మీద నుంచి జారుతూ వినబడుతున్నాయి. లేవలేదు. కాసేపటికి ఆమె నోరు కొద్దిగా తెరుచుకుంది. మరి కాసేపటికి గురక వచ్చింది.

“నిద్దరోయిందేటి?” అన్నాడు రామ్మూర్తి.

“మెల్లిగా,” అంది రూపాదేవి.

పలుగు పట్టుకున్నవాడు పలుగు దించాడు. కూలీలు చెప్పులు చేత్తో పట్టుకుని పక్కకు జరిగారు. బంగార్రాజు ఎండ ఎటునుంచి వస్తోందో చూసి, ఆమె ముఖం మీద నీడ పడేటట్టు నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడ్డాడో అతనికే గుర్తులేదు. గాలి చెరకాకుల మీద నుంచి వస్తోంది. ఎదురుగా ఇళ్ళేవీ కనబడలేదు, వరండాలు లేవు, కిటికీలు లేవు. పొలం పొలంలాగే ఉంది.

ఇంతలో రోడ్డువైపు నుంచి అసిరమ్మ సైటుకు పునాదిరాళ్ళు తెచ్చిన ట్రాక్టరు మలుపు తిరిగింది, పాట గట్టిగా పెట్టుకుని. బంగార్రాజు తన తువ్వాలు రామ్మూర్తి చేతికిచ్చి నీడ పట్టమని సైగ చేసి, ఆర్చి వైపు గబగబా నడిచాడు. రెండు చేతులూ ఎత్తి ట్రాక్టరును ఆపాడు.

“ఏటి మేస్త్రీ, అన్‌లోడు సెయ్యాల,” అన్నాడు డ్రైవరు.

“సేద్దువుగానిలే. ఇంటామె పడుకున్నాది.”

డ్రైవరు పొలం వైపు చూశాడు. ఇల్లేదీ అని అడగబోయి, ఎందుకో మానుకుని, పాట ఆపి, ఇంజను కట్టేశాడు. ఇద్దరూ ఆర్చి నీడలో గొంతుక్కూర్చున్నారు.